జూన్ దాకా ఆగొద్దు సార్: ప్రభుత్వ జూనియర్ కాలేజీలకు ఒక మీసేవ నిర్వాహకురాలి బహిరంగ లేఖ

తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యాశాఖ అధికారులకు, ప్రభుత్వ జూనియర్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, లెక్చరర్లకు నమస్కారం.

నేను జగిత్యాల జిల్లాలో ఒక మండల కేంద్రంలో మీసేవ సెంటర్ నడుపుతాను. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన మర్నాటి నుంచి మా షాపు ముందు చెప్పులు విడవడానికి చోటుండదు. ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, దోస్త్ రిజిస్ట్రేషన్, ఇంజినీరింగ్, అగ్రికల్చర్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌కు స్లాట్ బుకింగ్, వెబ్ ఆప్షన్లు, జిరాక్సులు... ఆగస్టు దాకా ఇదే సందడి. వ్యాపారంగా చూస్తే నాకిది సీజన్. అయినా ఈ గిరాకీ కొంత తగ్గించమని అడగడానికే మీకు ఉత్తరం రాస్తున్నాను.

మీ దగ్గర రెండేళ్లు చదువుకున్న పిల్లలు ఏ కాలేజీలో చేరాలి, ఏ కోర్సు తీసుకోవాలి అన్నది ఇవాళ నా షాపులో తేలుతోంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వెనక నిలబడ్డవాళ్లు "ఇంకెంతసేపు" అంటుంటే, పది నిమిషాల్లో తేలిపోతోంది. ఆ పని సెకండియర్ మొదట్లోనే, మీ క్లాసులో, నింపాదిగా జరగాలి. నేను అడిగేది ఇదొక్కటే. మిగతాదంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి.

దోస్త్ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. 2016 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. ఉస్మానియా, కాకతీయ, శాతవాహన లాంటి యూనివర్సిటీల కింద ఉన్న దాదాపు అన్ని కాలేజీలకూ ఒకటే దరఖాస్తు. రూ. 200 కట్టి రిజిస్టర్ అయితే ఒక ఐడీ, ఒక పిన్ వస్తాయి. ఆ తర్వాత కాలేజీ, కోర్సు కలిపి ఒక్కొక్క ఆప్షన్ వరుసగా పెట్టుకుంటూ పోవాలి. మార్కులతో పాటు ఏది ముందు పెట్టాం, ఏది వెనక పెట్టాం అన్నదాన్ని బట్టే సీటు. మంచి పద్ధతి. కూలి పని చేసే తండ్రి కాలేజీల చుట్టూ తిరిగి ఫారాలు కొనే అవస్థ పోయింది. ఇక్కడి పిల్ల ఇంట్లో కూర్చుని హైదరాబాద్‌లో నిజాం కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టుకోవచ్చు. కానీ నిజాం కాలేజీ అనేది ఒకటుందని, అందులో తనలాంటి వాళ్లకు కూడా సీటు వస్తుందని ఆ పిల్లకు ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాలి కదా.

షాపులో మాటలు ఇలా ఉంటాయి. స్క్రీన్ మీద కాలేజీల లిస్టు తెరిచి "ఏది పెట్టాలె?" అంటాను. "మీరే ఏదో ఒకటి పెట్టుండ్రి అక్కా." "అట్ల కాదు బిడ్డా, నువ్వు ఏం చదువుదామనుకుంటున్నవ్?" కొంచెంసేపు మౌనం. పక్కనున్న దోస్తు వైపు చూస్తాడు. "వీడు ఏం పెట్టిండో అదే పెట్టుండ్రి." ఆ దోస్తు పెట్టింది బీకాం కంప్యూటర్స్. ఎందుకు పెట్టావని వాణ్ని అడిగితే, "కంప్యూటర్స్ ఉంటే జాబ్ వస్తదంట" అంటాడు. నా ముందు కూర్చున్నవాడు చదివింది బైపీసీ. రెండేళ్లు కప్పల బొమ్మలు, పువ్వుల బొమ్మలు గీసి, మంచి మార్కులు తెచ్చుకుని, ఇప్పుడు దోస్తు కోసం బీకాం.

ఆడపిల్లల ప్రశ్నలు వేరు. "హాస్టల్ ఉందా అక్కా? బస్సు ఉందా?" కోర్సు సంగతి ఆ తర్వాతే. తప్పు పట్టలేం. ఇంట్లో ఒప్పించాల్సింది వాళ్లే. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేకపోవడం వల్ల ఈ విషయంలో కొంత మేలు జరిగింది. మునుపు పక్క ఊరి ప్రైవేటు కాలేజీతో సరిపెట్టుకునే పిల్లలు ఇప్పుడు కరీంనగర్ దాకా వెళ్తామంటున్నారు. 1956లో పెట్టిన ఎస్సారార్ ప్రభుత్వ కాలేజీ అక్కడ ఉంది. బస్సు ఖర్చు లేదు, ఫీజు తక్కువ. పోయి రావడానికి ఎంతసేపు పడుతుంది, మొదటి క్లాసు ఎన్నింటికి, సాయంత్రం చివరి బస్సు ఎప్పుడు అన్న లెక్క ఎవరైనా కూర్చుని వేయించాలి. నా కుర్చీలో ఆ టైమ్ దొరకదు.

ఇక ఆ పిల్లలు నా దాకా రాకముందే వాళ్లను అందుకునే ఇంకొకరున్నారు. మీకు తెలిసినవాళ్లే. మార్చిలో ఎగ్జామ్ సెంటర్ గేటు ముందు పాంప్లెట్లు పంచేవాళ్లు, ఏప్రిల్‌లో ఇళ్లకు ఫోన్లు చేసేవాళ్లు. ప్రైవేటు డిగ్రీ కాలేజీల పీఆర్‌వోలు. పిల్లల నంబర్లు వాళ్లకు ఎలా దొరుకుతున్నాయో మీరే ఆలోచించండి. పోయినసారి ఒకాయన ప్లాస్టిక్ కవర్‌లో ఒక దొంతర మార్కుల మెమోల జిరాక్సులు పట్టుకుని మా షాపుకు వచ్చాడు. పేరు చూస్తాడు, ఫోన్ చేస్తాడు, "తమ్మీ, ఇప్పుడొక ఓటీపీ వస్తది చెప్పు" అంటాడు. అవతల పిల్లవాడు పొలం దగ్గరో, క్రికెట్ ఆడుకుంటూనో ఆరు అంకెలు చదివేస్తాడు. అంతే, మూడేళ్ల చదువు ఎక్కడో ఖాయమైపోయింది. ఐడీ, పిన్ ఆయన డైరీలో ఉంటాయి. నేను చేయనన్నాను. పక్క వీధిలో చేయించుకున్నాడు.

ఆయన పిల్లలకు చెప్పే మాటలు కూడా విన్నాను. ఫీజు మీరు కట్టే పనే లేదు, ప్రభుత్వమే ఇస్తుంది. రోజూ రావక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు. ఇందులో రెండో మాట చదువును చంపేది. మొదటి మాట సగమే నిజం. రీయింబర్స్‌మెంట్ రావాలంటే ఆదాయ పరిమితి ఉంది, స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్ ఈపాస్‌లో ఏటా దరఖాస్తు ఉంది, హాజరు ఉంది. పైగా ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని చెప్పి, కోర్సు అయ్యాక డబ్బు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామనే కాలేజీలు ఎన్నో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. చేరేటప్పుడు ఈ సంగతి చెప్పేవాళ్లెవరు? పీఆర్‌వో చెప్పడు. చెప్పాల్సింది మీరే.

దోస్త్ సంగతి అలా ఉంచితే, అసలు నష్టం జరుగుతున్నది క్యాలెండర్ దగ్గర. మన పల్లెల్లో అందరి లెక్కా ఒకటే: ముందు పరీక్షలు కానీ, రిజల్ట్ రానీ, మార్కులు చూసి అప్పుడు ఆలోచిద్దాం. నాట్లేసే రోజు వచ్చాక నారు పోసుకున్నట్టే ఇది. రిజల్ట్ చేతికి వచ్చేసరికి చాలా తలుపులు మూసుకుపోయి ఉంటాయి.

లా చదవాలనుకున్న పిల్ల సంగతి చూడండి. శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ ఉంది, తెలంగాణ పిల్లలకు అందులో కొన్ని సీట్లు ప్రత్యేకంగా ఉన్నాయి. దానికి క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్ష డిసెంబర్ మొదట్లోనే అయిపోతుంది, అప్లికేషన్లు జూలైలోనో ఆగస్టులోనో మొదలవుతాయి. అంటే సెకండియర్ క్లాసులు మొదలైన ఒకటి రెండు నెలలకే. సీఈసీ, హెచ్ఈసీ పిల్లల్లో క్లాట్ అనే మాట విన్నవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. ఫీజు ఎక్కువన్నది నిజమే. స్కాలర్‌షిప్పో, బ్యాంకు లోనో వెతుక్కోవాలి. కానీ వద్దనుకోవడానికైనా ముందు విని ఉండాలి కదా. రాష్ట్రంలోనే ఐదేళ్ల లా కోర్సుకు లాసెట్ ఉంది, అది కొంచెం ఆలస్యంగా వస్తుంది కాబట్టి కొందరికి చిక్కుతుంది.

బొమ్మలు బాగా వేసే పిల్లవాడికి డిజైన్ కోర్సులున్నాయని, ఫ్యాషన్, డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ నిఫ్ట్ హైదరాబాద్‌లోనే మాదాపూర్‌లో ఉందని చెప్పాలంటే అక్టోబర్ కల్లా చెప్పాలి. జేఈఈ మెయిన్ మొదటి విడత దరఖాస్తులు కూడా అప్పుడే. సెంట్రల్ యూనివర్సిటీలకు 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది. దాని దరఖాస్తు గడువు ఇంటర్ పరీక్షలకు ముందో, ఆ హడావుడిలోనో వచ్చిపోతుంది. ఎప్‌సెట్ అప్లికేషన్ కూడా అంతే, రిజల్ట్ కంటే ముందే. పరీక్షే రాయని పిల్లవాడు జూన్‌లో వచ్చి "అక్కా, ఇంజినీరింగ్ ఆప్షన్స్ పెట్టాలె" అంటే ఏం చెప్పను?

సీయూఈటీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మీలో కొందరు సార్లకు కూడా అది ఢిల్లీ వాళ్ల పరీక్షలాగా అనిపిస్తోంది. మన గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ, ఎమ్మెస్సీ కోర్సుల్లో చేర్చుకునేది దాని మార్కులతోనే. ములుగులో సమ్మక్క సారక్క గిరిజన యూనివర్సిటీ 2024లో బీఏ ఇంగ్లిష్, ఎకనామిక్స్‌తో మొదలైంది. అక్కడా అదే దారి. భాషల్లో తెలుగు కూడా ఉంది. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సుకు ఏయే సబ్జెక్టులు అడుగుతుందో ముందు చూసుకుని, వాటినే అప్లికేషన్‌లో టిక్ పెట్టాలి. ఇక్కడే పిల్లలు దెబ్బతింటారు. మా షాపులో చివరి రోజు రాత్రి కూర్చుని "ఏదో మూడు పెట్టేయండి" అంటే, రేపు మంచి మార్కులొచ్చినా వాళ్లడిగిన సబ్జెక్టు రాయలేదని పక్కన పెట్టేస్తారు. ఢిల్లీ యూనివర్సిటీకైతే పరీక్ష రాసిన తర్వాత మళ్లీ వాళ్ల పోర్టల్‌లో విడిగా రిజిస్టర్ కావాలి. ఒక తెలివైన లెక్చరర్ ఒక్క మధ్యాహ్నం వెచ్చిస్తే ఈ చిక్కుముడి మొత్తం విప్పి బోర్డు మీద రాయగలరు. పిల్లలు విడివిడిగా నా దగ్గరికి వచ్చి అడిగితే ఎవరికీ పూర్తిగా అందదు.

దూరం సంగతులు వదిలేద్దాం. మన జిల్లాలోనే ఏమున్నాయో మన పిల్లలకు తెలియదు. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ. పొలాసలో వ్యవసాయ కాలేజీ. కోరుట్లలో వెటర్నరీ కాలేజీ. జగిత్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ. ఒక్క జిల్లాలో ఇన్ని! కొండగట్టుకు మొక్కు చెల్లించడానికి ఏటా పోయే కుటుంబాల పిల్లలు పక్కనే ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ గేటు లోపల ఏముందో చూసి ఉండరు.

పొలాస విషయమే తీసుకోండి. ఎప్‌సెట్‌లో అగ్రికల్చర్ వైపు ర్యాంకు వచ్చినంత మాత్రాన సీటు రాదు. వ్యవసాయ యూనివర్సిటీ విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, విడిగా అప్లై చేయాలి. అందులో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేకంగా కోటా ఉంది. భూమి కాగితాలు, పల్లెలో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఎకరం రెండెకరాల రైతు పిల్లలతో నిండిన కాలేజీలు మీవి. ఈ కోటా గురించి వాళ్లకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాం? వెటర్నరీ కూడా అంతే. నీట్ రాసి ఎంబీబీఎస్ అందలేదని ఏడుస్తూ ఇంట్లో కూర్చున్న పిల్లకు, అదే ర్యాంకుతో పశువైద్యానికి వేరే అప్లికేషన్ పెట్టుకోవచ్చని ఎవరూ చెప్పరు. నోటిఫికేషన్ పేపర్లో లోపలి పేజీలో చిన్నగా వస్తుంది, పోతుంది. ఒకేషనల్ పిల్లలు ఇంజినీరింగ్ లాంటి పై చదువులకు పోవడానికి బ్రిడ్జ్ కోర్సు ఉందన్నది మరీ అన్యాయంగా మరుగున పడిపోతోంది. ఫీజు కట్టే గడువు దాటాక తెలుస్తుంది.

ఒక రోజు ఆర్టీసీ బస్సు మాట్లాడి సెకండియర్ పిల్లలను ఈ నాలుగు కాలేజీలకూ తిప్పండి. పెద్ద ఖర్చు కాదు. పొలాసలో వరి ప్లాట్లు చూస్తారు, కోరుట్లలో ఆవును చెక్ చేస్తున్న అమ్మాయిని చూస్తారు. ఆ అమ్మాయి మన పక్క మండలం పిల్లే అయి ఉండొచ్చు. పది ఉపన్యాసాల కంటే అది ఎక్కువ పనిచేస్తుంది. విహారయాత్రకు వరంగల్ కోటకు తీసుకెళ్తున్నారు కదా, అదే బస్సు.

ఇప్పుడు కాగితాల గురించి. ఇది నా సబ్జెక్టు, కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తాను.

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది. మెమోలో తండ్రి పేరు చివర "య్య", ఆధార్‌లో "లు". పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి 1, మెమోలో ఆగస్టు. మామూలు రోజుల్లో ఎవరికీ ఇది సమస్య కాదు. అప్లికేషన్ పెట్టేటప్పుడు మాత్రం వెబ్‌సైట్ ఎర్రక్షరాల్లో వద్దంటుంది. ఆధార్ సవరణకు రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు. ఫోన్ నంబర్ ఇంకో తలనొప్పి. ఆధార్‌కు లింకైన నంబర్ చాలామందికి నాన్నది. మా వైపు ఆ నాన్న దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో ఉంటాడు. ఇండియా సిమ్ రీచార్జ్ లేక ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఆగకపోతే ఇంకో తమాషా. ఇక్కడ నేను ఓటీపీ పంపుతాను, పిల్ల వాట్సాప్‌లో ఫోన్ చేస్తుంది, ఆయన సైట్ మీద డ్యూటీలో ఉంటాడు, ఫోన్ రూములో ఉంటుంది. రాత్రి ఆయన చూసేసరికి ఓటీపీ గడువు దాటి ఉంటుంది. మళ్లీ మర్నాడు. ఇలా గడువు చివరి రోజు దాకా తిరిగిన వాళ్లున్నారు.

కేంద్ర సంస్థలకైతే ఇంకో మెలిక ఉంది. ఐఐటీ, ఎన్ఐటీల కౌన్సెలింగ్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నవే చెల్లుతాయి. మన బీసీ సర్టిఫికెట్ చూపిస్తే సరిపోదు, కేంద్రం నమూనాలో ఉండాలి. రాష్ట్ర జాబితాలో బీసీ అయినా కేంద్ర జాబితాలో లేని కులాలు కూడా ఉన్నాయి. కౌన్సెలింగ్‌కు రెండు రోజుల ముందు వచ్చి "అక్కా, అర్జెంట్" అంటే నేను అప్లై చేయగలను, తహసీల్దార్ గారి సంతకం నా చేతిలో లేదు. ఆయన ఎలక్షన్ డ్యూటీలోనో, భూముల సర్వేలోనో ఉంటే అంతే సంగతులు.

అందుకే సెకండియర్ ఆగస్టులో ఒక్క వారం కాగితాల వారం పెట్టండి. ప్రతి పిల్లవాడూ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. సొంత నంబర్, సొంత ఈమెయిల్ తయారు చేసుకోవాలి. ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఆరో తరగతి నుంచి చదివిన బడులన్నిటి స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి. మూతపడిన ప్రైవేటు బడిలో చదివినవాళ్లకు ఆ కాగితం సంపాదించడానికే నెల పడుతుంది. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పొద్దని కూడా ఆ వారంలోనే నేర్పాలి. బ్యాంకు ఓటీపీ చెప్పొద్దని ఊరంతా చాటింపు వేస్తున్నాం. చదువు ఓటీపీ గురించి ఎవరూ నోరు విప్పరు.

మీరేమంటారో తెలుసు. సిలబస్‌కే టైమ్ చాలడం లేదు, సగం పోస్టులు ఖాళీ, ఉన్నవాళ్లం గెస్ట్ లెక్చరర్లం, జీతం నెలనెలా రావడమే కష్టం, పైగా ఇది మా జాబ్ చార్ట్‌లో లేదు. అందులో అబద్ధం ఏమీ లేదు. అందుకే ఈ ఉత్తరం ప్రిన్సిపాళ్లకు మాత్రమే రాయలేదు, పైనున్న అధికారులకు కూడా రాస్తున్నాను. కాలేజీకి ఒక లెక్చరర్‌కు ఈ బాధ్యత అప్పగించండి, ఆయనకో ఆమెకో వారంలో రెండు పీరియడ్లు తగ్గించండి, ఉత్తర్వులో రాసివ్వండి. రాతపూర్వకంగా లేనిది మన దగ్గర ఏదీ నడవదు.

అయితే ఒక మాట అనకుండా ఉండలేను. మీ సొంత పిల్లల విషయంలో మీలో ఎవరూ జూన్ దాకా ఆగలేదు. పదో తరగతిలోనే ఏ గ్రూపు, ఏ కాలేజీ, ఏ కోచింగ్ అని మాట్లాడుకున్నారు. తెలిసినవాళ్లకు ఫోన్లు చేశారు. సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్లి హాస్టల్ చూసి వచ్చారు. అది తల్లిదండ్రులుగా మీ ధర్మం, నేనూ అదే చేస్తాను. మీ క్లాసులో కూర్చున్న పిల్లలకు ఇంట్లో అలా ఫోన్ చేయగలిగినవాళ్లు లేరు. వాళ్లకు తెలిసిన చదువుకున్న మనిషి మీరొక్కరే.

అధికారులకు ఇంకో విన్నపం. రిజల్ట్స్ రాగానే కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కడతారు. 1000కి 970, 960, ఫొటోలు, అభినందనలు. బాగుంటుంది, పిల్లలు సంతోషిస్తారు. ఆ 970 వచ్చిన అమ్మాయి ఇప్పుడు ఎక్కడ చదువుతోందని అడిగితే కాలేజీలో ఎవరి దగ్గరా సమాధానం ఉండదు. ఉత్తీర్ణత శాతం మీద రివ్యూ మీటింగులు జరుగుతాయి, తక్కువైతే లెక్చరర్లకు సంజాయిషీ మెమోలు ఇస్తారు. పాసైన పిల్లలు ఎక్కడ చేరారు, ఎంతమంది చదువు మానేశారు అన్నది ఎవరూ అడగరు. అడగనిది ఎవరూ రాయరు. ప్రతి జూనియర్ కాలేజీలో ఒక రిజిస్టర్ పెట్టించండి: పేరు, గ్రూపు, ఏయే పరీక్షలకు అప్లై చేశారు, చివరికి ఎక్కడ చేరారు. సెప్టెంబర్‌లో ఆ రిజిస్టర్ చూపించమనండి. నా మొత్తం ఉత్తరంలో ఒక్కటే అమలు చేస్తామంటే ఇదే చేయమంటాను. మిగతావన్నీ దాని వెనక వాటంతట అవే వస్తాయి. పైగా మరుసటి ఏడాది పిల్లలకు అదే పెద్ద ఆస్తి. "మన కాలేజీ నుంచి సెంట్రల్ యూనివర్సిటీకి పోయిన అక్క ఉంది, ఇదిగో, మాట్లాడుకో" అని చెప్పొచ్చు.

ఖర్చు సంగతి కూడా చూడాలి. దోస్త్‌కు 200. ఎప్‌సెట్‌కు 900, ఎస్సీ ఎస్టీలకు 500. సీయూఈటీ, జేఈఈ, నీట్ ఒక్కొక్కటీ వందల నుంచి వెయ్యి దాటి ఉంటాయి. మా చార్జీలు, ఫొటోలు, జిరాక్సులు, పరీక్షకు కరీంనగర్‌కో హైదరాబాద్‌కో పోయి రావడం వేరు. నాలుగైదు పరీక్షలు రాయించాలంటే ఒక కూలి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. "ఒక్కటి చాలు లే" అని తండ్రి అనేది అందుకే. ప్రభుత్వ కాలేజీ పిల్లలకు కనీసం రెండు ప్రవేశ పరీక్షల ఫీజు ప్రభుత్వమే కట్టొచ్చు. ప్రైవేటు వైపు నుంచి వచ్చే సాయం కూడా చెప్పేవాళ్లు లేక వృథా అవుతోంది. పది, ఇంటర్ ప్రభుత్వ బడుల్లోనే చదివి డిగ్రీలో చేరిన ఆడపిల్లలకు అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఏడాదికి రూ. 30,000 ఇస్తోంది. మీ కాలేజీలో చదివి డిగ్రీలో చేరిన అమ్మాయిల్లో చాలామందికి అది వర్తిస్తుంది. ఎంతమంది చేత అప్లై చేయించారు?

ఇదంతా ఎక్కడా జరగనిది కాదు. పక్కనే తమిళనాడులో 2022లో నాన్ ముదల్వన్ అనే పథకం పెట్టారు. ప్రభుత్వ బడుల్లో ప్లస్ టూ పిల్లలకు ఏ కోర్సులున్నాయి, ఎలా అప్లై చేయాలి అని చెప్పడానికి కల్లూరి కనవు పేరుతో జిల్లాల్లో సభలు పెడుతున్నారు. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు మెడిసిన్, ఇంజినీరింగ్ లాంటి వృత్తి కోర్సుల్లో 7.5 శాతం సీట్లు కూడా కేటాయించారు. అక్కడ అంతా సవ్యంగా ఉందని నేను అనను. కానీ బాధ్యత మాదే అని ప్రభుత్వం అనుకుంది. మన దగ్గరా కొంత అనుభవం ఉంది. గురుకులాల పిల్లలు నా షాపుకు వచ్చినప్పుడు చూస్తాను, ఏ కాలేజీలు, ఏ వరుసలో అని కాగితం మీద రాసుకుని వస్తారు. వాళ్లకు అక్కడ టీచర్లు చెప్పి పంపుతారు. వాళ్లకు నాలుగు నిమిషాలు చాలు. మామూలు జూనియర్ కాలేజీ పిల్లలకు ఆ కాగితం రాయించడం మన చేతకాని పనా?

ఆ కాగితంలో ఏముండాలో కూడా చెప్తాను, పెద్ద రహస్యమేమీ కాదు. తనకు నచ్చే కోర్సులు రెండు మూడు. వాటికి ఐదారు కాలేజీలు. అందులో ఒకటి రెండు కష్టమైనవి, రెండు అందేవి, ఒకటి తప్పకుండా వచ్చేది. ఒక్కోదానికీ ఏ పరీక్ష, చివరి తేదీ ఎప్పుడు, ఫీజు ఎంత, హాస్టల్ ఉందా, ఇంటి నుంచి ఎంత దూరం. హాస్టల్‌కు చాలాచోట్ల వేరే దరఖాస్తు ఉంటుంది, సీటు వచ్చాక ఆ సంగతి తెలిసి లబోదిబోమన్నవాళ్లను చూశాను. క్లాసులో ఫోన్ నిషేధం సరే, ఈ ఒక్క పనికి రెండు శనివారాలు ఫోన్లు తెమ్మనండి. ఇన్‌స్టాగ్రామ్ తెరవగలిగిన పిల్లవాడు యూనివర్సిటీ వెబ్‌సైట్ కూడా తెరవగలడు, ఎక్కడ చూడాలో చూపిస్తే.

తల్లిదండ్రులను కూడా పిలవాలి. వాళ్లను పిలిచే టైమ్ చూసుకోండి. వరి కోతలప్పుడు మీటింగ్ పెట్టి ఎవరూ రాలేదంటే లాభం లేదు. దసరా సెలవులకు అందరూ ఊళ్లో ఉంటారు, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు కూడా కొందరు ఉంటారు. ఆడపిల్లను హాస్టల్‌కు పంపాలా వద్దా అన్నది ఆ మీటింగ్‌లోనే కదలాలి. జూన్‌లో నా షాపు మెట్ల మీద తల్లి కూతుళ్లు గొడవపడితే అప్పటికి తెగేది కాదు.

హైస్కూల్ టీచర్లకు కూడా ఇలాంటిదే ఇంకో ఉత్తరం రాయాలి. పది తర్వాత పాలిటెక్నిక్‌కు పాలీసెట్ ఉంది, బాసర ట్రిపుల్ ఐటీ ఉంది, ఏ గ్రూపు తీసుకుంటే ఏ దారి మూసుకుపోతుందో చెప్పాల్సిన అవసరం అక్కడే మొదలవుతుంది. అది ఇంకోసారి.

ప్రస్తుతానికి ఒక ప్రతిపాదన. మా మండలం కాలేజీలో ఆగస్టు నెలలో కాగితాల వారం పెడితే, నేనూ మా షాపులో పనిచేసే అమ్మాయీ సిస్టమ్, ప్రింటర్ తీసుకుని మధ్యాహ్నాలు వస్తాం. ఆధార్, మెమో సరిచూసే పనికి రూపాయి తీసుకోం. సర్టిఫికెట్లకు ప్రభుత్వం పెట్టిన ఫీజు మాత్రం కట్టాలి, అది మేం తప్పించలేం. మిగతా మండలాల్లో మీసేవ నడిపేవాళ్లతో కూడా మాట్లాడాను, కొందరు సరే అన్నారు. కలెక్టర్ గారి ఆఫీసు నుంచి ఒక్క లెటర్ వస్తే మిగతావాళ్లూ కాదనరు. మీరు చేయాల్సింది ఒక గది, ఒక నెట్ కనెక్షన్, పిల్లల లిస్టు ఇవ్వడం. ప్రిన్సిపాల్ సార్, మీ టైమ్ టేబుల్ చూసి తేదీ చెప్పండి.

ఇట్లు,
ఒక మీసేవ నిర్వాహకురాలు,
జగిత్యాల జిల్లా